అక్వేరియంలో చేపలు చనిపోవడానికి తొందరే కారణం

సంపాదకులకు నమస్కారం.

మొక్కలూ పలు జాతుల చేపలూ కలిసి ఉండే మంచినీటి అక్వేరియంలో చేపలు పది రోజుల్లోనే చనిపోతే చాలామంది అమ్మినవారిని నిందిస్తారు గాని, తప్పు తరచుగా మన తొందరదే. చేపల విసర్జనల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి పుట్టే విషపూరితమైన అమ్మోనియాను కొన్ని రకాల బాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తరువాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. ఇవి ఫిల్టర్‌లో కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది కనుక, నీటిలో కొద్దిగా కలిపిన అమ్మోనియా, దాని నుంచి వచ్చే నైట్రైట్ రెండూ ఒక్క రోజులో సున్నాకు చేరే స్థితి వచ్చేదాకా చేపలను వదలకూడదు.

ఇంత ఓపిక పట్టినవారు కూడా ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగి, ఆ నీటిలోని క్లోరిన్‌తో బాక్టీరియాను చేజేతులా చంపుకుంటారు (ఒకప్పుడు నేనూ ఆ పని చేసినవాడినే). దానిని తొట్టి నుంచి తీసిన నీటిలోనే పిండాలి. వారానికోసారి నాలుగో వంతు నీటిని మార్చి, కొత్త నీటిలో క్లోరిన్‌ను తొలగించే ద్రావణం కలపాలి. నాచు పెరిగితే మందుల కోసం పరుగెత్తే ముందు, దీపాన్ని రోజుకు 8 గంటలకు మించకుండా తగ్గించి, వేగంగా పెరిగే మొక్కలను మరికొన్ని నాటి చూడవలసిందిగా తోటి పెంపకందారులకు మనవి.

ఇట్లు,
ఒక పాఠకుడు