మేడ మీద టవరు, గోడలో బీట

అయ్యా,

గుంటూరు బ్రాడీపేటలో మా పక్కింటి మేడ మీద సెల్ టవరు లేచింది. పాతికేళ్ల కట్టడం; పిట్టగోడ బీటలో నా చిటికెనవేలు దూరుతుంది. రేడియేషన్ బెంగ నాకు లేదు. 2012 నుంచి మన దేశంలో పరిమితి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతే. నా భయమల్లా శ్లాబు గురించే. 2022లో కేంద్రం నిబంధనలు సవరించి, ప్రైవేటు భవనాలపై టవర్లకు స్థానిక సంస్థల అనుమతి అక్కర్లేదంది. కంపెనీ ఆ సంస్థకు ముందుగా రాతపూర్వకంగా తెలిపి, భవనం తట్టుకుంటుందని స్ట్రక్చరల్ ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రం జతచేస్తే చాలంది. ఆ కాగితం చూపించమంటే ఇంటాయన 'కంపెనీ వాళ్ల దగ్గరుందండీ' అన్నారు. (అద్దె మాత్రం ఆయన దగ్గరకే వస్తోంది.) నవంబరు తుపాను గాలులు మనకు కొత్తా? ఆ ధ్రువపత్రం నకలు గేటు దగ్గర అంటించేలా నగరపాలక సంస్థ చూడాలి.

– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు