ఇంగువ డబ్బా

చిట్టితల్లీ,

నువ్వు ఫోనెత్తి పన్నెండు రోజులైంది. ఆఫీసు పని ఎక్కువగా ఉందన్నావు, సరే. ఇక్కడ మల్లేశ్వరంలో వానలు పట్టుకున్నాయి. మాగాయ ముక్కలు ఎండక, మీ నాన్నగారు ఫ్యాను కింద ఆరబోసి కాపలా కాస్తున్నారు. రాజ్యం పిన్ని ఫోను చేసింది. పెళ్లిలో నిన్ను చూసిందట. చిక్కిపోయావట, పంక్తిలో పెరుగు రాకముందే లేచిపోయావట. మళ్లీ కడుపునొప్పేనా?

బొబ్బట్టు ముట్టవని తెలుసు. సాంబారు వేయించుకున్నావా?

నీ సీలియాక్ జబ్బుకు గోధుమ మాన్పించి ఆరు నెలలైనా, రక్తపరీక్షలో ఆ జబ్బును పట్టిచ్చే టీటీజీ అంకె దిగిరాని సంగతి మరిచిపోయావా? "ఎక్కడో ఇంకా లోపలికి వెళుతోంది, వెతకండి" అన్నారు డాక్టరు. మరలో గోధుమలు ఆడించాకే మన రాగులు పోస్తున్నారని రాగిపిండి మానేశాం. సత్యనారాయణ వ్రతం ప్రసాదం నీకు గోరంత కూడా పెట్టవద్దన్నానని నానమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. బార్లీ ఉంటుందని మాల్టు పొడి ఎవరికో ఇచ్చేశాను. అయినా నువ్వు రాత్రిళ్లు మోకాళ్లు కడుపులోకి ముడుచుకునే పడుకునేదానివి. నేను లేచి మజ్జిగలో చిటికెడు ఇంగువ కలిపి తాగించేదాన్ని. ఒకరోజు కొత్త డబ్బా విప్పుతూ, కళ్లజోడు పెట్టుకుని వెనుక చీమ తలకాయలంత అక్షరాలు చదివాను. గోధుమపిండి! ఇంగువ బంక ఘాటు తట్టుకోలేమని పిండి కలిపి అమ్ముతారట. మందని నా చేత్తో నేనే పోశాను తల్లీ.

అందుకే అడుగుతున్నాను, కోప్పడటం లేదు. మీ హాస్టల్లో వంటావిడను అడిగావా? చెన్నైలో పెరుంగాయం అంటారు. డబ్బా తెప్పించి చదువు, మొహమాటపడకు. గ్లూటెన్, అదే గోధుమలో, బార్లీలో ఉండే నీకు పడని ప్రొటీను, కిలోకు 20 మిల్లీగ్రాములు దాటితే గ్లూటెన్ లేనిదని రాసుకోవడానికి మన చట్టమే ఒప్పుకోదు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నా లోపల పేగు పొర దెబ్బతింటూనే ఉంటుంది. ఇడ్లీ అనగానే నమ్మకు, రవ్వ ఇడ్లీ బొంబాయి రవ్వతో చేసేదే. దోసె మంచిదే, అదే పెనం మీద చపాతీలు కాల్చారేమో చూసుకో. పూరీలు వేగిన నూనెలో వేసిన అప్పడం కూడా వద్దు. సోయా సాస్ అసలే వద్దు. విసుక్కుంటున్నావు, తెలుసు.

ఆదివారం పొద్దుటి రైలుకు నాన్నగారు వస్తున్నారు. బియ్యప్పిండి కలిపిన ఇంగువ, దానితోనే పోపు పెట్టిన మాగాయ పంపుతున్నాను. మూతల మీద నీ పేరు రాశాను, ఇంకెవరి చెంచా పెట్టనివ్వకు. స్టేషనుకు రానక్కరలేదు, ఆయనే వస్తారు. పంక్తిలోంచి ఎందుకు లేచావో మాత్రం ఈ రాత్రికే ఫోను చేసి చెప్పు.

అమ్మ