జంపన్నవాగు ఇసుక గురించి ములుగు కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గారికి నమస్కారం.

మేడారం సమ్మక్క-సారలమ్మ జాతర దగ్గర పడుతుందంటే జంపన్నవాగులో నీళ్లు ఏమాత్రం ఉన్నాయని అందరూ అడుగుతారు. ఇసుక ఎంత ఉందని అడిగేవాళ్లు తక్కువ. మా లేఖ ఇసుక గురించే.

అడవి ఒర్రెల నీళ్లు కలుపుకుని మేడారం, కొండాయి మీదుగా గోదావరికి చేరే వాగు ఇది. పాత పేరు సంపెంగవాగు. కాకతీయ సైన్యంతో పోరులో సమ్మక్క కొడుకు జంపన్న ఇందులోనే ప్రాణం విడిచాడని, అప్పట్నుంచి ఈ పేరు పడిందని చెప్పుకుంటారు. మాఘమాసానికి పైపారుదల సన్నబడుతుంది. అందుకే జాతరకు లక్నవరం చెరువు నీళ్లు వదులుతారు.

మిగతా నీళ్లన్నీ ఇసుక కడుపులోనే. ఇసుకలో మూరెడు లోతు చెలిమె (ఊట గుంట) తీస్తే ముందు తడి, తర్వాత మడ్డినీళ్లు. రెండుసార్లు తోడి పారబోస్తే తేటనీరు. ఒడ్డున ఇసుక ఊటనీటిని పట్టే ఇన్‌ఫిల్ట్రేషన్ బావి కూడా పెద్ద చెలిమే. కిలోమీటరు పొడవు, 100 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల మందం ఇసుక అనుకోండి. అందులో ఐదో వంతు నీరు ఊరినా 4 కోట్ల లీటర్లు. మీటరు ఇసుక ఎత్తేస్తే అందులో సగం పోయినట్టే. బావి రంధ్రాల పైపు నీటిమట్టానికి పైన పడుతుంది, మోటారు గాలి పీలుస్తుంది. జేసీబీ లోతుగా తవ్వితే ఇంకో చేటు: అడుగు బంకమట్టి పైకొచ్చి ఇసుక సందుల్ని పూడ్చేస్తుంది. అప్పుడు ఇసుక ఉన్నా ఊట ఉండదు.

కాబట్టి బావులకు, వంతెనకు దగ్గర్లో ఇసుక తీయనివ్వకండి. జాతరకు ముందు, తర్వాత అవే చోట్ల ఇనుప చువ్వ దించి ఇసుక లోతు కొలిపించి, ఆ అంకెలు పంచాయతీ గోడ మీద రాయించండి. లక్నవరం నీళ్లు ఆఖరు రెండు రోజుల్లో గుప్పున వదిలితే పైపైన పారిపోతాయి. పది రోజుల ముందే సన్నగా మొదలుపెడితే ఎండిన ఇసుక తాగి నిండుతుంది. జాతరయ్యాక బట్టలు, ప్లాస్టిక్ కవర్లు జానెడు లోతు వరకు దంతెలతో చేత్తోనే తీయించాలి. ఖర్చు ఎక్కువే, కాదనం. తొలకరికి ముందే తీయకపోతే అవి ఇసుకలో పొరగా పూడుకుపోతాయి.

ఇక వరద. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. అదే వానకు ఈ వాగు పొంగి కొండాయిలో ప్రాణాలు పోయాయి. మేడారం వంతెన స్తంభానికి మట్టం గీతలు, కొండాయిలో చేత్తో తిప్పే సైరన్ పెట్టించండి. అంతటి వాన రాత్రి కరెంటునూ ఫోన్ సిగ్నల్‌నూ నమ్మలేం.

ఇట్లు,
వాగు ఒడ్డు రైతులం, బావి పనివాళ్లం