చిత్రహింసల దగ్గరే ఆగిపోతే ఎలా?

సంపాదకులకు,

మలయాలో (నేటి మలేషియాలో) రెండో ప్రపంచయుద్ధంనాటి జపాన్ ఆక్రమణను ఎదిరించిన నర్సు సిబిల్ కతిగాసు ఆత్మకథ ‘నో డ్రామ్ ఆఫ్ మెర్సీ’పై మీ ఆదివారం సంచికలో వచ్చిన పరిచయం చదివాను. అందులో మూడొంతులు చిత్రహింసలే. కెంపెయితాయ్ సైనిక పోలీసులు ఆమెను నడవలేని స్థితికి తెచ్చిందీ, పసికూతుర్ని మంట మీద వేలాడదీసి బెదిరించిందీ రాయాల్సిందే. కానీ 1943లో అరెస్టయ్యేదాకా ఇపో దగ్గరి పాపాన్‌లో ఆ ఇల్లు ఎలా నడిచిందో చెప్పకపోతే ఆమె ఎందుకు పట్టుబడ్డారో పాఠకుడికి తెలియదు.

రేడియోలకు విదేశీ స్టేషన్లు వినిపించే షార్ట్‌వేవ్ అందకుండా జపాన్‌వాళ్లు మార్పులు చేయించారు. దొంగచాటుగా బీబీసీ వింటే ప్రాణం మీదికొచ్చేది. కతిగాసు తన సెట్టుకు ‘జోసఫీన్’ అని పేరు పెట్టుకుని ఇంట్లోనే దాచారు. సెట్టును దాచవచ్చు గానీ, దాన్లో విన్న కబురు నాలుగిళ్లకు చేరితే ఎవరు జపాన్‌వాళ్ల చెవిన వేస్తారో చెప్పలేం. చీకటి పడ్డాక వచ్చే, జపాన్‌తో పోరాడే కమ్యూనిస్టు గెరిల్లాలకు తూటాలు తీసి కట్లు కట్టడమూ అలాంటిదే. పైగా మందులకు కరువు. లోకానికి మలేరియా మందు క్వినైన్ ఇచ్చే జావా తోటలు 1942 మార్చికల్లా జపాన్ చేతిలో పడ్డాయి, మలయాలో చూస్తే మలేరియా.

తిండి సంగతి మరీ ముఖ్యం. యుద్ధానికి ముందు మలయా తినే బియ్యంలో సగానికి పైగా బర్మా, సయాం (నేటి థాయ్‌లాండ్) వంటి చోట్ల నుంచే వచ్చేది. ఓడలు ఆగాక కర్రపెండలమే గతి. దాని తొక్క మందంగా తీసి, ముక్కలు నానబెట్టి, మూత లేకుండా ఉడికించి, ఆ నీళ్లు పారబోయాలి. చేదురకం దుంపైతే, ఇందులో ఏది తగ్గినా సయనైడ్ మిగిలిపోయి వాంతులు, కళ్లు తిరగడం. సరిగ్గా వండినా మాంసకృత్తులు లేనట్టే, బి1 విటమిన్ అంతంతమాత్రం. నెలల తరబడి అదే తింటే కాళ్లకు నీరు పట్టి బెరిబెరి వస్తుంది, చిన్న గీత కూడా మానకుండా పుండవుతుంది. మిల్లులో పారేసే తవుడే బెరిబెరికి మందు!

ఇంకో మాట. కతిగాసు 1948 జూన్ 12న స్కాట్లాండ్‌లో చనిపోయారు. నాలుగు రోజులకే ఆమె బతికిన పేరాక్ రాష్ట్రంలోని సుంగై సిపుట్ దగ్గర కమ్యూనిస్టు గెరిల్లాలు ముగ్గురు తోట దొరలను కాల్చి చంపారు, బ్రిటిషు సర్కారు మలయాలో ఎమర్జెన్సీ పెట్టింది. ఆమె వైద్యం చేసిన దళాలవాళ్లే అప్పటికి బ్రిటిషువారికి శత్రువులయ్యారు. ఆమె సాహసానికి జార్జ్ మెడల్ ఇచ్చిందీ ఆ బ్రిటిషు సర్కారే. పుస్తకం 1954లో, ఆ పోరు మధ్యలోనే అచ్చయింది. మీ వ్యాసంలో దీని ఊసే లేదు.

అదే పేరాక్‌లో, బగాన్ దాతో కొబ్బరి తోటల్లో మన తెలుగు కూలీలుండేవారు. 415 కిలోమీటర్ల సయాం–బర్మా రైలు మార్గానికి మలయా తోటల నుంచి తమిళులను, తెలుగువారిని జపాన్‌వాళ్లు తోలుకుపోయారు. వేలమంది తిరిగి రాలేదు. వెనక మిగిలిన ఆడవాళ్లలో చదువొచ్చినవారెందరు, పుస్తకం రాయడానికి? వారి పిల్లల దగ్గర ఇప్పుడైనా వివరాలు సేకరించేవారు ‘ఏ సంవత్సరం’ అని మొదలుపెడితే పని జరగదు. గడియారాలను టోక్యో టైముకు గంటన్నర ముందుకు తిప్పారు, అది గుర్తుందేమో అడగాలి. మగవాళ్లను రైలు పనికి తోలకముందా, తర్వాతా అని అడగాలి. కాగితాల్లో 2602 అని కనిపిస్తే అచ్చుతప్పు అనుకోవద్దు, జపాన్ లెక్కలో అది 1942. జపాన్‌వాళ్లు అచ్చేసిన, అరటిచెట్టు బొమ్మ ఉన్న పది డాలర్ల నోటుతో ఏం కొన్నారో రాసుకునేటప్పుడు పక్కనే కాలం వేయాలి. 1942 ధరనూ 1945 ధరనూ ఒకే వరుసలో పెడితే ఆ లెక్క దేనికీ పనికిరాదు, ఎందుకంటే చివరికి ఆ నోట్లు చిత్తుకాగితాలయ్యాయి.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం