బాతుల మిషను

రాజమండ్రి,
ఆదివారం మధ్యాహ్నం

ఒసే రమా,

నీ ఉత్తరం ఫ్రిజ్ మీదే ఉంది. రోజూ చూస్తున్నాను, రోజూ రేపు రాద్దామనుకుంటున్నాను. తిట్టదల్చుకున్నవన్నీ తిట్టేసుకుని తర్వాత చదువు. నాన్నకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, పేపరు మళ్ళీ అక్షరం వదలట్లేదు. పెద్దాడి పరీక్షలు గడిచాయి, ఎలా గడిచాయని మాత్రం అడక్కు. మీ బావగారు యథాప్రకారం. కబుర్లు అయిపోయాయి.

ఇక అసలు సంగతి. చిన్నదానికి కుట్టు నేర్పిద్దామనుకుంటున్నాను, ఏ మిషను కొనాలీ అని అడిగావు కదా. నేనూ అదే పని మీద ఉన్నాను, నాకోసమే. అది మా అత్తగారి చెవిన పడింది. "షాపుకి నేనూ వస్తాను" అన్నారు. గుమ్మం దాటమంటే పంచాంగం తీసే మనిషి! తాడితోటలో లైనింగు గుడ్డలు కొని, అక్కణ్ణుంచి ఆటోలో మెయిన్ రోడ్డుకి తీసుకెళ్ళాను. చంకలో ఒక గుడ్డసంచీ. అందులో ఏముందంటే చెప్పరు.

షాపులో కుర్రాడు మంచివాడే, పాపం. తెల్లగా నిగనిగలాడే ఎలక్ట్రిక్ మిషను తీసి, అట్టలా గంజి పెట్టిన గుడ్డముక్క రెండు మడతలు వేసి, డయలు తిప్పుతూ కుట్టడం మొదలెట్టాడు. ఆకులు, గొలుసులు, పువ్వులు, చివరికి వరసగా బాతులు. బాతులే! చెప్పొద్దూ, నాకు నోరూరింది.

అత్తగారు అంతా చూసి, "బాగున్నాయి బాబూ. ఈ బాతులు జాకెట్టు మీద కుట్టమంటావా, లంగా మీదా?" అన్నారు. వాడు నవ్వాడు. ఈవిడ నవ్వలేదు. సంచీ విప్పారు. మల్లుగుడ్డ ముక్క, పట్టు జాకెట్టులో మిగిలిన పీలిక, మావాడి పాత జీన్సు ప్యాంటు కాలు. "నీ గుడ్డ మీద ఏ మిషనైనా కుడుతుంది నాయనా, వీటి మీద కుట్టు" అన్నారు.

నాకు అక్కడే భూమిలోకి వెళ్ళిపోవాలనిపించింది. నలుగురు చూస్తున్నారు మరి.

మల్లుగుడ్డ పెట్టగానే కుట్టు పొడుగునా ముడతలు పడి, ఓ మూల సూదితోపాటు కిందకి దిగి ఇరుక్కుపోయింది. "ఎన్నో నంబరు సూది వేశావు?" అని అడిగారు. "మామూలు సూదేనండి మామ్మగారూ." తీసి చూస్తే 16. జీన్సుకి వేసే సూది మల్లు మీద! 11 వేయించారు, చాలా నయమైంది. అయినా ముడత పూర్తిగా పోలేదు. ఎందుకో కూడా ఆవిడే చెప్పారు. జిగ్‌జాగ్ మిషన్లో సూది అటూ ఇటూ కదలాలి కాబట్టి కింది పలకలో సందు వెడల్పుగా ఉంటుందిట, పల్చటి గుడ్డని సూది అందులోకి తోసేస్తుందిట. పాతకాలం నల్ల తొక్కుడు మిషన్లో సూది ఒక్కచోటే దిగుతుంది కనక చిల్లు చిన్న చుక్కంతే. ఇంక జీన్సు సంగతి. అంచు మడత మీద కుట్టు కుట్టు కలిసేచోట ఎత్తుగా ఉంటుంది చూడు, అక్కడికొచ్చేసరికి మోటారు గుయ్యిమని మూలిగి ఆగిపోయింది. వాడు చేత్తో చక్రం తిప్పి ఎలాగో దాటించాడు. అటువైపు చూస్తే నాలుగు కుట్లు ఎగిరిపోయాయి.

"ఆ మూల నల్లది చూపించు" అన్నారు.

అదుగో, అప్పుడు చూడాలి నువ్వు మా అత్తగారిని! ముందు స్టాండు పట్టుకుని ఊపి, కాళ్ళ దగ్గర బోల్టులు తడిమారు. బల్ల చెక్క కింద గోటితో గీకి చూశారు, వానాకాలం ఉబ్బుతుందేమోనని. పలక జరిపి, కిందిదారం చుట్టిన బాబిన్ ఉండే కేసు బయటికి తీసి, దారం కొస పట్టుకుని గాల్లో వేలాడదీశారు. సర్రున జారిపోయింది. "వదులు" అని, వాడి స్క్రూడ్రైవరే అడిగి, కేసు మీదుండే చీమంత స్క్రూని ఒక పిసరు బిగించారు. మళ్ళీ వేలాడదీస్తే ఊరికే వేలాడుతోంది. చెయ్యి కొంచెం విదిలించగానే ఓ అంగుళం దిగి ఆగింది. "ఇదీ లెక్క." సూది మొన మీద గోరు నడిపించి చూశారు, గీరుకుంటే ఆ సూది పనికిరాదుట. పైదారం ఎక్కించేముందు, గుడ్డని నొక్కిపట్టే ఫుట్ పైకెత్తారు. ఎత్తకపోతే దారం, దాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్ళల మధ్యకి దిగదుట, గుడ్డ అడుగున ఉండలు కడుతుందిట. అలా ఉండ కట్టినప్పుడల్లా జనం బాబిన్ని తిడతారు, తప్పేమో పైదారానిది!

చెప్పులు విడిచి కూర్చున్నారు. చక్రాన్ని చేత్తో తన వైపుకి ఒక్కసారి తిప్పి పెడలు మీద కాళ్ళు పెట్టారు. మల్లు, పట్టు, జీన్సు మూడూ వరసగా. మల్లుకి 11, జీన్సుకి 16, మధ్యలో సూది తనే మార్చుకున్నారు. జీన్సు ఎత్తు దగ్గర కాలు నెమ్మదించి కుట్టు కుట్టుగా ఎక్కించి దింపారు. షాపులో మాట లేదు.

ఈవిడకిదంతా ఎలా తెలుసనుకున్నావు? పెళ్ళైన కొత్తల్లో ఆవిడకో ఉషా మిషను ఉండేదిట. వీధి వీధంతా జాకెట్లు కుట్టేవారుట. మామగారికి జబ్బు చేసినప్పుడు అమ్మేశారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదే నాతో. మీ బావగారికీ తెలీదు. ఆటోలో చెప్పారు, అది కూడా నేను గుచ్చి గుచ్చి అడిగితే. నేనేమనాలో తెలీక... సర్లే.

నల్లదే కొన్నాం. స్టాండుతో కలిపి 10,000 లోపే. మోటారు తర్వాత కావాలంటే బిగించుకోవచ్చు, ముందు కాళ్ళతో నేర్చుకో అన్నారు. ఉషా అంటే గుర్తొచ్చింది, ఆ మిషన్లు 1930ల్లో మొదలైంది కలకత్తాలోనేట, మీ ఖరగ్‌పూర్‌కి ఎంత దూరమని! అక్కడ పాత మిషన్లు మంచివి దొరుకుతాయేమో కనుక్కో.

అలాగని నువ్వూ నల్లదే కొనమని నేననను. మీ క్వార్టర్స్‌లో స్టాండు ఎక్కడ పెడతావు, వంటగదిలోనా? చీరలకి పీకో, టీషర్టుల్లాంటి సాగే గుడ్డ, పని కాగానే అల్మైరాలో సర్దేసుకోవడం, ఇవి కావాలంటే తెల్లదే నయం. ఐదారు కుట్లుండేది చాలు, బాతులకి డబ్బు తగలెయ్యకు. సాగే గుడ్డకి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది విడిగా కొను. చిన్నది జాకెట్లు, లంగాలు, దిండు గలీబులు కుడుతుందంటే మాత్రం కళ్ళు మూసుకుని తొక్కుడు మిషనే. ఏది కొన్నా నీ గుడ్డ నువ్వు పట్టుకెళ్ళు.

మిగతా సరంజామా. నలభై వస్తువులున్న డబ్బా కొనకు, అందులో కత్తెరకి వెన్న కూడా తెగదు. మంచి కత్తెర ఒకటి, చిన్నదాని చేతికి 8 అంగుళాలది చాలు. పిడికి ఎర్రదారం కట్టు, దాంతో కాగితం ఎవర్నీ కొయ్యనివ్వకు! టేపు కొనేముందు స్టీలు స్కేలు పక్కన పెట్టి చూడు, చవకవి సాగిపోతాయి. చాక్ బిళ్ళలు, పూసతల గుండుసూదులు, కుట్లు విప్పే రిప్పరు. రిప్పరు మర్చిపోకు, మొదట్లో మిషను కన్నా దానికే పని ఎక్కువ. సూదులు 11, 14, 16. ప్యాకెట్ మీద 90/14 అని ఉంటుంది, 90 అంటే సూది లావు 0.9 మిల్లీమీటరు. బాబిన్లు నీ మిషనుకి సరిపోయేవే తీసుకో, చూడ్డానికి అన్నీ ఒకేలా ఉంటాయి కానీ కాదు. మిషను నూనే వాడు, కొబ్బరినూనె పొయ్యకు, జిగురై పట్టేస్తుంది.

నేనేం చేస్తున్నానంటావా? దారం లేకుండా పెద్దాడి పాత రూళ్ళ నోటుబుక్కు మీద గీతలు కుడుతున్నాను. గురువుగారి ఆజ్ఞ. కాగితం మీద సూది మొద్దుబారుతుంది కనక దానికో పాత సూది. తిన్నగా వస్తోందనుకునేలోపు కాలు వెనక్కి తొక్కేస్తాను, చక్రం ఎదురు తిరుగుతుంది, గదిలోంచి "ఊఁ" అని వినబడుతుంది. చూడకుండానే ఎలా తెలుస్తుందే ఆవిడకి? గీతలయ్యాక గుండ్రాలు, ఆ తర్వాత చదరాలు. మూల తిరిగేటప్పుడు సూది కిందే ఉంచి ఫుట్ ఎత్తి తిప్పాలి. జాకెట్టు మాట ఎత్తితే "ముందు సంచీ కుట్టు" అంటారు. పక్కింటావిడ అప్పుడే తన జాకెట్టు ముక్క తెచ్చి ఇచ్చింది, నాకు కాదు, అత్తగారికి! ఇంక ఆవిడ నాకు మిషను ఇస్తారా అనేది నా...

వానొచ్చేసిందే. లైనింగు గుడ్డలు తడిపి డాబా మీద ఆరేశాను. సరోజ సంగతి ఇంకో ఉత్తరంలో, అబ్బో అది చాలా ఉంది. ఉంటా.

నీ
పద్మ