మెదక్ చర్చి అద్దాలను కాపాడుకోవాలి

సంపాదకులకు నమస్కారం,

2024 డిసెంబరుతో మెదక్ చర్చికి వందేళ్లు నిండాయి. చూడటానికి వచ్చేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు, సంతోషమే. కానీ ఆ కట్టడం సంరక్షణ గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదు.

కరువు రోజుల్లో తిండి లేక అల్లాడుతున్న జనానికి పని చూపించి, అన్నం పెట్టి బ్రిటిష్ క్రైస్తవ మిషనరీ పోస్నెట్ దొర కట్టించిన గుడి ఇది. 1914లో మొదలుపెడితే పదేళ్లు పట్టింది. 175 అడుగుల గోపురం వెనుక ఈ ప్రాంతపు కూలీల చెమట ఉంది. అందుకే ఇది ఏ ఒక్క మతానిదో కాదు, మనందరిదీ.

నా బెంగంతా రంగుటద్దాల కిటికీల గురించే. క్రీస్తు ఆరోహణం, జననం, శిలువ ఘట్టాలున్న ఆ మూడింటికీ బయటి ఎండే వెలుగు. పొద్దుగూకితే బొమ్మ కనిపించదు. చిన్న చిన్న గాజు ముక్కలను సీసపు పట్టీలు పట్టి ఉంచుతాయి. కాలం గడిచేకొద్దీ సీసం సాగుతుంది, గాజు వదులవుతుంది. ఒక్క ముక్క రాలినా అలాంటిది మళ్లీ దొరకదు. దాన్ని మామూలు అద్దాల షాపువాళ్లతో అతికించే పని కాదు.

చర్చి పెద్దలు, ప్రభుత్వం కలిసి నిపుణులతో ప్రతి ముక్కనూ పరీక్ష చేయించి, ఫొటోలతో రికార్డు తయారు చేయించాలి. మొజాయిక్ నేలను యాసిడ్‌తో కడగకూడదు. రాతి గోడల పగుళ్లకు హడావుడిగా సిమెంటు పూయకూడదు. స్థానిక యువకులు కొందరికైనా ఈ పని నేర్పించాలి. వచ్చే క్రిస్మస్ రద్దీలోపే పరీక్ష పూర్తి చేయాలని మనవి.

– ఒక పాఠకుడు, మెదక్