డీజే బాక్సులు వేరు, ఆ మ్యూజిక్ వేరు

ఎడిటర్ గారికి నమస్కారం,

మొన్న ఆదివారం మీ పేపర్లో ఫామ్‌హౌస్ మీద పోలీసుల రైడ్ వార్త చదివా. హెడ్డింగ్‌లో రేవ్ పార్టీ అని వేసి, లోపల ఎలక్ట్రానిక్ మ్యూజిక్ మత్తులో పిల్లలు చెడిపోతున్నారన్నట్టు రాశారు. డ్రగ్స్ దొరికితే డ్రగ్స్ అని రాయండి, అమ్మినోళ్ళకి శిక్ష పడాలి, అందులో రెండో మాట లేదు. కానీ ఆ మ్యూజిక్‌ని కూడా ముద్దాయిని చేసి నిలబెట్టారే, అది చూసి మనసు చివుక్కుమంది.

మాది తెనాలి, పన్నెండేళ్ళుగా షికాగో దగ్గర ఉంటున్నాం. ఈ మ్యూజిక్‌లో హౌస్ అనే రకం పుట్టింది ఇక్కడే. సిటీలో 206 సౌత్ జెఫర్సన్ స్ట్రీట్‌లో మూడంతస్తుల పాత బిల్డింగ్ ఒకటుంది. 1977లో రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన అందులో క్లబ్ పెట్టి, న్యూయార్క్ కుర్రాడు ఫ్రాంకీ నకల్స్‌ని డీజేగా పిలిపించాడు. దాని పేరు వేర్‌హౌస్, అంటే గోడౌన్. వచ్చేవాళ్ళల్లో ఎక్కువమంది నల్లజాతి, లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) గే కుర్రాళ్ళు, ఇంట్లో చెప్పుకోలేరు, బయట క్లబ్బుల్లో రానిచ్చేవాళ్ళు కాదు, వాళ్ళకి ఆ గోడౌనే దిక్కు. మందు అమ్మేవాళ్ళు కాదు, జ్యూసులే. శనివారం రాత్రి మొదలైతే ఆదివారం మధ్యాహ్నం దాకా నడిచేదట. నకల్స్ దాన్ని చర్చితో పోల్చేవాడు. ఇవాళ లోకమంతా హౌస్ మ్యూజిక్ అంటున్నారే, ఆ హౌస్ వేర్‌హౌస్‌లోంచి విరిగొచ్చిన ముక్కే.

అదే ఊళ్ళో 1979 జులై 12న ఏం జరిగిందో కూడా తెలియాలి. కొమిస్కీ పార్క్ బేస్‌బాల్ స్టేడియంలో, డిస్కో రికార్డు ఒకటి తెస్తే 98 సెంట్లకే టికెట్ అని ఒక రేడియో స్టేషన్ పిలుపిచ్చింది. దాదాపు యాభై వేల మంది వచ్చారు, రికార్డులన్నీ మైదానం మధ్యలో పోసి పేల్చేశారు, జనం గ్రౌండ్ మీద పడి ఎంత పాడు చేశారంటే ఆ రోజు జరగాల్సిన రెండో మ్యాచ్ ఆడలేకపోయారు. తెచ్చినవాటిలో డిస్కోతో సంబంధం లేని నల్లజాతి గాయకుల రికార్డులూ ఉన్నాయని అప్పుడు అక్కడ పనిచేసిన ఒకాయన తర్వాత చెప్పాడు. కోపం దేని మీదో అర్థమవుతోంది కదా. పెద్ద రికార్డు కంపెనీలు డిస్కోని వదిలేశాయి, వేర్‌హౌస్ వాళ్ళు వదల్లేదు. నకల్స్ టేపు కోసి అతికించి పాత పాటల్నే పొడుగు చేశాడు, తర్వాత మార్కెట్లో సరిగ్గా ఆడక సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్న రోలాండ్ కంపెనీ డ్రమ్ మెషీన్లు, అంటే దరువు వాయించే యంత్రాలు, కుర్రాళ్ళ చేతికొచ్చాయి. ఆ దరువు మీద చర్చి పాటల్లాంటి గొంతులు, పియానో. (అదే కంపెనీ మెషీన్ల మీద 1982లో బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల చరణ్‌జిత్ సింగ్ పది రాగాలు వాయించి రికార్డు చేశాడు, అప్పట్లో పట్టించుకున్నవాళ్ళే లేరు.)

ఇక్కడ జాక్సన్ పార్క్‌లో ఏటా జులైలో హౌస్ మ్యూజిక్ పిక్నిక్ జరుగుతుంది, 1990లో ఒక కుటుంబం కలుసుకోడంతో మొదలైందట. మా ఆఫీసులో అరవై దాటినావిడ ఒకరు రమ్మంటే పిల్లల్ని తీసుకుని, పులిహోర డబ్బా పట్టుకుని వెళ్ళా. మడత కుర్చీల్లో అమ్మమ్మలు, గ్రిల్లు పొగలు, చంటిపిల్లలు, మా తెనాలి తిరునాళ్ళే గుర్తొచ్చింది. ముక్కూమొహం తెలీనావిడ నా చేతిలో ప్లేటు పెట్టి నువ్వు తినలేదు కదా అంది. సాయంత్రం ఒక పాటకి మా ఆఫీసావిడ కళ్ళు తుడుచుకుంటూనే ఆడింది. వాళ్ళన్నని ఇంట్లోంచి గెంటేస్తే ఆ వేర్‌హౌస్ స్నేహితులే నాలుగేళ్ళు తమ దగ్గర పెట్టుకున్నారట, ఎయిడ్స్‌తో పోయేదాకా మంచం పక్కన కూర్చుంది కూడా వాళ్ళేనట. నేను ఇంకేం మాట్లాడలేకపోయా.

డ్రగ్స్ లేవని నేననను. 1988 నాటి ఇంగ్లండ్‌లో ఈ మ్యూజిక్‌తో పాటు ఎక్స్‌టసీ అనే మత్తు బిళ్ళ కూడా వచ్చింది, నిజమే. కానీ 1994లో అక్కడి ప్రభుత్వం చేసిన చట్టం ఏకంగా పదే పదే వచ్చే దరువుల గురించే రాసింది, అంటే తప్పు మత్తు బిళ్ళతో పాటు డప్పుది కూడా అన్నట్టు. మనం ఆ దారి పట్టొద్దు.

ఊరేగింపుల్లో డీజే బాక్సుల సంగతంటారా, దాన్ని నేను సమర్థించట్లేదు. మా నాన్నకి బైపాస్ అయి ఇంటికొచ్చిన వారానికే వీధిలో పెళ్ళి ఊరేగింపు, కిటికీ అద్దాలు అదురుతుంటే ఆయన ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. రాత్రి పది దాటితే లౌడ్‌స్పీకర్లు ఆపాలని 2000 నుంచీ రూల్ ఉంది, అది గట్టిగా అమలు చెయ్యమని రాయండి, నేనూ సంతకం పెడతా. అది సౌండ్ సమస్య, సంగీతం తప్పు కాదు.

నేను అడిగేది ఒక్కటే, డ్రగ్స్ కేసుల హెడ్డింగుల్లోంచి ఆ మ్యూజిక్ పేరు తీసెయ్యండి. వీలైతే ఆదివారం అనుబంధంలో ఆ జెఫర్సన్ స్ట్రీట్ బిల్డింగ్ గురించి ఒక పేజీ వెయ్యండి. ఆ వీధికి 2004లోనే నకల్స్ పేరు పెట్టారు, బిల్డింగ్‌ని 2023లో సిటీ కౌన్సిల్ చారిత్రక కట్టడంగా గుర్తించింది. ఫొటోలు కావాలంటే చెప్పండి, వచ్చే శనివారం వెళ్ళి నేనే తీసి పంపిస్తా.

ఇట్లు
మీ పాఠకురాలు, షికాగో